నలుగురూ చూస్తుంటే పరుగెత్తడం ఎలా? బరంపురం నుంచి ఒక కొత్త రన్నర్ ప్రశ్నకు సమాధానం

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు ముప్పై ఆరు, ఒడిశాలోని బరంపురంలో కాపురం. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది, బరువు తగ్గమని డాక్టరు చెప్పారు. నడకతోపాటు కాస్త పరుగు కూడా పెట్టుకుందామని రెండు రోజులు వెళ్లారు. వీధి చివర టీ బడ్డీ దగ్గర కుర్రాళ్లు నవ్వారు. ఎదురింటావిడ “కుఆడే జావుఛొ?” (ఎక్కడికి వెళ్తున్నావు?) అని ఒడియాలో ఆపి మరీ అడిగింది. అత్తయ్యగారు “ఈ వయసులో పరుగులేమిటమ్మా” అన్నారు. వంద గజాలు వెళ్లేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. మూడో రోజు నుంచి మానేశారు. ఈ సిగ్గు పోయేదెలా, లేకపోతే ట్రెడ్‌మిల్ కొనుక్కుని ఇంట్లోనే పరుగెత్తడం మేలా అని అడిగారు.

నేను ఇక్కడి హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరైన దాన్ని. ఇప్పుడు పొద్దున పూట గ్రౌండ్‌లో కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్ల వెంట ఉంటాను. మీరు చూపుల సంగతి ఒకటి, ఆయాసం సంగతి ఇంకొకటి అన్నట్టు విడివిడిగా రాశారు. నా లెక్కలో రెండూ ఒకటే. ఎందుకో చెబుతాను.

ముందు చూపుల గురించి. “ఎవరూ చూడరమ్మా, అంతా మన భ్రమ” అని చాలామంది ధైర్యం చెబుతారు. అది సగమే నిజం. 2000లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన థామస్ గిలోవిచ్, మరి కొందరు కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపేవారు. “నీ చొక్కా మీద ఎవరి బొమ్మ ఉందో ఎంతమంది చెప్పగలరనుకుంటున్నావు?” అని తర్వాత అడిగితే, దాదాపు సగం మంది చెబుతారని ఆ పిల్లలు అనుకున్నారు. నిజంగా చెప్పగలిగినవాళ్లు పావు వంతుకు అటూ ఇటూగా ఉన్నారు. మన మీద మనకున్నంత శ్రద్ధ ఎదుటివాళ్లకు ఉండదని తేలింది.

కానీ అది అమెరికాలో ఒక గది. మనది బరంపురంలో ఒక వీధి. అరుగుల మీద కూర్చుని పేపరు చదివేవాళ్లు, కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడినవాళ్లు, పాల ప్యాకెట్ల కోసం వచ్చినవాళ్లు తప్పకుండా చూస్తారు. నిన్నటిదాకా చీరలో కూరగాయల సంచితో కనిపించిన కోడలు ఇవాళ ట్రాక్ ప్యాంటులో పరుగెత్తుతుంటే చూడకుండా ఎలా ఉంటారు? కాబట్టి చూడరని మిమ్మల్ని మభ్యపెట్టను. చూస్తారు. రెండు మూడు వారాలు చూస్తారు, ఆ తర్వాత వాళ్ల పేపరు వాళ్లది. ఈలోగా ఆ చూపులు మీ కాళ్లను ఏం చేస్తున్నాయన్నది అసలు సంగతి.

మీరు టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి వేగం పెంచారా లేదా, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పెంచే ఉంటారు. గ్రౌండ్‌లో నేను రోజూ చూసేది ఇదే. ఒంటరిగా ఉన్నంతసేపు చక్కగా, నెమ్మదిగా వెళ్తున్న మనిషి, గేటు దగ్గర నలుగురు కనిపించగానే భుజాలు బిగబట్టి, అడుగు పెద్దది చేసి, ఉరుకుతుంది. త్వరగా దాటిపోదామని కొంత, “నాకూ పరుగు వచ్చు” అనిపించుకుందామని కొంత. 1983లో అమెరికాలోనే వచ్చిన ఒక పరిశీలనలో, దారి పక్కన ఒక అమ్మాయిని కూర్చోబెట్టి అటుగా వచ్చే రన్నర్ల వేగం వాళ్లకు తెలియకుండా కొలిచారు. ఆమె వాళ్లవైపు తిరిగి కూర్చుంటే వేగం పెరిగింది, వీపు తిప్పి కూర్చుంటే పెరగలేదు. అలవాటైన రన్నర్ల సంగతే అంత. వాళ్లకు ఆ కాస్త వేగం లెక్కలోకి రాదు. మీకు మాత్రం ఉన్న ఊపిరంతా అక్కడే ఖర్చైపోతుంది. సరిగ్గా జనం ముందు ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని రొప్పాల్సి వస్తుంది. కుర్రాళ్లకు నవ్వు వచ్చిందీ అక్కడే, మీకు ప్రాణం చచ్చిపోయిందీ అక్కడే.

ఇంకో ముచ్చట చెబుతాను, నవ్వుకుంటారు. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1969లో తన తోటివారితో కలిసి బొద్దింకలను పరుగెత్తించాడు. ఒక వైపు వెలుతురు పెడితే అవి చీకటి వైపు పారిపోతాయి కదా. ఆ దారికి అటూ ఇటూ అద్దాల పెట్టెల్లో మరికొన్ని బొద్దింకలను ప్రేక్షకుల్లాగా కూర్చోబెట్టాడు. దారి తిన్నగా ఉన్నప్పుడు, ప్రేక్షకులుంటే బొద్దింకలు ఇంకా వేగంగా పరుగెత్తాయి. దారిలో మలుపు పెట్టి కాస్త కష్టం చేసినప్పుడు, ప్రేక్షకులుంటే వెనకబడ్డాయి. తోటివాళ్లు పక్కనుంటే ఒళ్లు ఉద్రేకపడుతుంది. బాగా వచ్చిన పని ఆ ఉద్రేకంతో ఇంకా బాగా సాగుతుంది, సరిగా రాని పని చెడుతుంది అని ఆయన సిద్ధాంతం. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. భువనేశ్వర్‌లో శిక్షణ తీసుకుని 2023 ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం గెలిచింది. ఆ అమ్మాయికి ప్రతి అడుగూ ఒంట్లో ఇంకిపోయింది కాబట్టి స్టేడియం నిండా జనం ఉంటే లాభమే. మనకు ఇంకా ఏ అడుగు ఎక్కడ వేయాలో, ఊపిరి ఎప్పుడు తీయాలో తెలియదు. మనకు జనం చేసేది నష్టమే. అందువల్ల “చూపులను ఎదిరించి పరుగెత్తండి” అన్న సలహా వినడానికి బాగుంటుంది గానీ, మొదటి నెలలో దాని వల్ల జరిగే మేలు తక్కువ. సిగ్గు పోయేదాకా ఆగనూ వద్దు, దాంతో కుస్తీ పట్టనూ వద్దు. వేగం ఒక్కటి తగ్గించండి. ఆయాసం రాకపోతే నలుగురి ముందు ఆగాల్సిన పని రాదు. ఆగకపోతే సిగ్గుపడేదానిలో సగానికి సగం అక్కడే పోతుంది.

ఎంత తగ్గించాలి? మీరు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువ. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు పట్టినా అది పరుగే. ఒక్క క్షణమైనా రెండు పాదాలూ నేలను వదిలితే పరుగు, ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటే నడక. తేడా అంతే. పక్కన గట్టిగా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోతుంటే మీరు సరైన వేగంలోనే ఉన్నట్టు. దీనికి గడియారాలూ యాప్‌లూ అక్కర్లేదు. ఎదురింటావిడ “ఎక్కడికి?” అని అడిగితే, “గ్రౌండ్ దాకా వెళ్లొస్తానండీ, సాయంత్రం కలుస్తాను” అని మధ్యలో ఊపిరి తెగకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే. ఎవరూ అడగని రోజు పన్నెండో ఎక్కం చదువుకోండి.

ఆగడం గురించి కూడా ఒక మాట. ఊపిరి అందక ఆగితే ఓడిపోయినట్టు ఉంటుంది. ముందే అనుకున్న చోట ఆగితే ఏమీ అనిపించదు, చూసేవాళ్లకు కూడా అది పద్ధతి లాగే కనిపిస్తుంది. అందుకని పరుగును గడియారానికో కరెంటు స్తంభాలకో కట్టేయండి, ఊపిరికి వదిలేయకండి. పరుగు, నడక కలిపి చేయడం చేతకానివాళ్ల పని అనుకోవద్దు. 1972 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే కొత్తవాళ్లకు నేర్పింది ఈ పద్ధతే. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన తయారుచేసిన “కౌచ్ టు 5కె” అనే తొమ్మిది వారాల ప్లాన్ కూడా ఇలాగే మొదలవుతుంది. ఐదు నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, అలా ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. మీకు ఆ ఒక్క నిమిషం కూడా ఎక్కువ అనిపిస్తే అర నిమిషం చేయండి. తొమ్మిది వారాలది పదిహేను వారాలైనా అడిగేవాళ్లు లేరు.

కానీ మీరు దాన్ని కూడా రేపే మొదలుపెట్టవద్దు. ముందు రెండు వారాలు అదే టైముకు, అదే దారిలో, అవే బట్టలు, అవే బూట్లు వేసుకుని నడవండి. నడకే. దీని వల్ల మోకాళ్లకూ పిక్కలకూ మేలు, అది అందరికీ తెలిసిందే. ఇంకో లాభం ఏమిటంటే వీధికి మీరు అలవాటవుతారు. పొద్దున్నే ఆ బట్టల్లో ఆ దారిన మీరు వెళ్తారన్న సంగతి పాతబడుతుంది. ఆ తర్వాత ఒకరోజు రెండు స్తంభాల మధ్య మెల్లగా పరుగందుకుంటే చాలామంది తల కూడా ఎత్తరు. నడిచే మనిషి కాస్త జోరుగా వెళ్తోంది, అంతే అనుకుంటారు. మీరు మొదటి రోజే తలుపు తీసుకుని ఉరకడం మొదలుపెట్టారు కాబట్టి వీధికి వింత అయింది.

టీ బడ్డీ దగ్గర మాత్రం నడవండి. కావాలనే, లెక్క వేసుకుని, నడక వంతు అక్కడికి వచ్చేలా చూసుకోండి. దాన్ని దాటి, మలుపు తిరిగాక పరుగు అందుకోండి. ఇది పారిపోవడం అనుకుంటారేమో, కాదు. మీ కాళ్లు ఎక్కడ దారి తప్పుతాయో తెలుసు కాబట్టి అక్కడ వాటికి పని తగ్గిస్తున్నారు. నెలా నెలన్నర పోయాక, మెల్లటి పరుగు ఒంటికి పట్టాక, బడ్డీ ముందు కూడా అదే మెల్లటి వేగంతో వెళ్లి చూడండి. వేగం పెరగకుండా దాటగలిగితే ఇక ఆ బడ్డీతో పేచీ లేదు.

బట్టల గురించి చాలామంది మొహమాటపడి అడగరు. నేనే చెబుతాను. మన ఠాకురాణి జాతర చూస్తూనే ఉంటారుగా, రెండేళ్లకోసారి. మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా పసుపు, నల్ల చారలు పూసుకుని పులి వేషం కట్టి నడిబజారులో తిరుగుతారు. వాళ్లకు సిగ్గుండదు, చూసేవాళ్లకు వింత ఉండదు. ఎందుకంటే ఆ మనిషి ఏం చేస్తున్నాడో అందరికీ తెలుసు. పరుగుకూ అంతే. ఇంట్లో వేసుకునే నైటీ మీద చున్నీ, కాళ్లకు హవాయి చెప్పులు వేసుకుని పరుగెత్తితే “ఏమైందమ్మా, ఎవరికైనా ఒంట్లో బాలేదా?” అని నిజంగానే కంగారుపడతారు. బూట్లు, ట్రాక్ ప్యాంటు, తలకు టోపీ ఉంటే ఇక అడగరు. దాచుకోవాలని చూసేకొద్దీ వింతగా కనబడతాం.

మోకాళ్ల దాకా వచ్చే వదులు టీషర్టో, పక్కన చీలిక ఉన్న పొట్టి కుర్తీనో వేసుకోండి. బిగుతు బట్టలే వేయాలన్న రూలు ఎక్కడా లేదు. కాటన్ అయితే మన కోస్తా ఉక్కకు తడిసి ముద్దై ఒంటికి అంటుకుంటుంది, త్వరగా ఆరే పాలిస్టరు రకం మంచిది. బూడిద రంగు మీద చెమట మరకలు అన్నిటికంటే బాగా కనిపిస్తాయి, నలుపో ముదురు నీలమో తీసుకోండి. చున్నీ అవసరమనుకుంటే రెండు కొసలూ నడుం దగ్గర గట్టిగా ముడి వేయండి. నల్లపూసలు, మంగళసూత్రం బట్టల లోపలికి వేసి పిన్నుతో కుట్టేసుకోండి. పట్టీలు తీసేయండి, వీధంతా తిరిగి చూడడానికి ఆ చప్పుడే చాలు. టోపీకి అంచు ఉంటే ఎండ సంగతి అటుంచి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని తప్పుతుంది.

అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది స్పోర్ట్స్ బ్రా మీద. మామూలువి పరుగుకు ఆనవు. ఎగరడం వల్ల నొప్పి, ఆ నొప్పి వల్ల చేతులు ముందుకు ముడుచుకుని వంగి పరుగెత్తడం, ఆ వంగడం వల్ల ఊపిరి అందకపోవడం, అంతా ఒక వరస. “నన్నే చూస్తున్నారు” అన్న భయంలో ఎక్కువ భాగం దీని చుట్టూ తిరుగుతుందని నాతో చెప్పినవాళ్లు చాలామంది. కొలతకు సరిపోయింది కొనుక్కుంటే ఆ బెంగ చాలావరకు తీరుతుంది.

ఇంకొకటి ఉంది. కాన్పులైన ఆడవాళ్లు కొందరికి పరుగెత్తినప్పుడో దగ్గినప్పుడో రెండు చుక్కలు మూత్రం పడుతుంది. దాని వల్ల పరుగు మానేసి, అడిగితే “మోకాళ్ల నొప్పి” అని చెప్పేవాళ్లను ఎరుగుదును. ఇది చాలామందికి ఉండేదే. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు, వాటినే కెగెల్ అంటారు, కొన్ని నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. లేడీ డాక్టరునో ఫిజియోథెరపిస్టునో ఒకసారి అడిగితే సరిగ్గా ఎలా చేయాలో చూపిస్తారు. ఈలోగా ప్యాడ్ పెట్టుకుని ముదురు రంగు ప్యాంటు వేసుకుంటే సరి. మీకు ఈ ఇబ్బంది లేకపోతే మరీ మంచిది.

ఎక్కడ, ఎప్పుడు? వేసవిలో మన దగ్గర ఐదూ పావు దాటకముందే తెల్లారుతుంది. ఆరు దాటితే ఉక్క మొదలు. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, అందువల్ల ఒళ్లు చల్లబడదు. మేలో మీ వేగం జనవరి వేగం కంటే తగ్గితే అది వాతావరణం చేసిన పని, మీ తప్పు కాదు. డిసెంబరులో ఆరు దాటితే గానీ సరిగా వెలుగు రాదు, చీకట్లో ఒంటరిగా వెళ్లొద్దు. “ఎవరూ చూడకుండా నాలుగింటికే వెళ్తాను” అని కొందరంటారు. చూపుల నుంచి తప్పించుకోబోయి కుక్కల పాల, లారీల పాల పడతారు. నలుగురు మసిలే వేళే ఆడవాళ్లకు క్షేమం. అలాగని సాయంత్రం బజారు రద్దీలో మొదలుపెట్టమనడం లేదు.

వీధి ఇబ్బందిగా ఉంటే నడుచుకుంటూ ఏదైనా కాలేజీ గ్రౌండుకో స్టేడియానికో చేరి అక్కడ పరుగు మొదలుపెట్టండి. గ్రౌండ్‌లో కుర్రాళ్లుంటారని జంకకండి. పొద్దున్నే వచ్చేవాళ్లలో చాలామంది ఆర్మీకో పోలీసుకో తయారయ్యేవాళ్లు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది, కొన్ని సెకన్ల తేడాతో ఉద్యోగం పోతుంది. వాళ్ల కళ్లు స్టాప్‌వాచ్ మీదుంటాయి. మీరు లోపలి లైనులో వాళ్లకు అడ్డం వెళ్లకుండా బయటి లైనులో సాగితే చాలు, రెండో వారానికి “అపా” (అక్కా) అని పలకరించి వాళ్లే తప్పుకుంటారు. నవ్వేది సాధారణంగా పరుగెత్తేవాడు కాదు, గోడ మీద కూర్చున్నవాడు.

రోడ్డు మీద వెళ్లాల్సి వస్తే కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనబడేలా వెళ్లండి. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఒక చెవికే. ఆదివారం గోపాల్‌పూర్ వెళ్లే వీలుంటే తీరంలో తడిసి గట్టిపడిన ఇసుక మీద నడక, మెల్లటి పరుగు చేయొచ్చు. మెత్తటి పొడి ఇసుకలోకి మాత్రం వెళ్లొద్దు, మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. అక్కడ యాత్రికులు సముద్రాన్ని చూస్తారు, మిమ్మల్ని కాదు.

కుక్కల సంగతి. చూపుల కంటే నేను నిజంగా భయపడేది వీటికే. వెంటపడితే పరుగు ఆపేయండి. పరుగెత్తేదాన్ని తరమడం దాని గుణం. దానివైపు తిరిగి, కళ్లలోకి గుచ్చి చూడకుండా, మెల్లగా వెనక్కి నడవండి. కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి. పసుపు, సున్నం, కారం లాంటివి రాయొద్దు.

ఇక మాటలు. ఎదురింటావిడది ఎగతాళి అని మీరు అనుకున్నారు, నాకలా అనిపించలేదు. మన దగ్గర ఎదురుపడితే ఎక్కడికని అడగడం పలకరింపు. నవ్వి, చెయ్యి ఊపి, “షుగర్ కోసం, డాక్టరు చెప్పారు” అనండి. డాక్టరు పేరు చెబితే మనవాళ్లు ఇంకో ప్రశ్న వేయరు. పైగా వారం తిరక్కుండా “నాకూ ఉంది షుగర్, నేనూ రానా?” అంటారు. అలా వస్తే తీసుకెళ్లండి, కానీ ఇద్దరిలో మెల్లగా వెళ్లేవాళ్ల వేగమే ఇద్దరిదీ. ఆ ఒప్పందం లేకపోతే జంట పది రోజులు కూడా నిలవదు.

కుర్రాళ్లకు జవాబు చెప్పకండి, దారి కూడా మార్చకండి. రోజూ అదే టైముకు, అదే మొహంతో, అదే నడకతో దాటిపోయే మనిషిని చూసి నవ్వడం వాళ్లకే విసుగు. అయితే నవ్వడం వేరు, వెంటపడటం వేరు. బండి మీద వెనకే వచ్చినా, ఫోన్‌లో వీడియో తీసినా, ఒంటి గురించి కూతలు కూసినా అది మీరు ఓర్చుకోవాల్సిన సిగ్గు కాదు. పక్క దుకాణంలోకి వెళ్లి నిలబడండి, ఇంటికి ఫోన్ చేయండి, 112కు చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆడమనిషిని వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో చెబితే “అందుకే వద్దన్నాం” అంటారని దాచుకునేవాళ్లున్నారు, దాచొద్దు.

అత్తయ్యగారి మాట కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఆవిడకు పరుగు మీద పగ లేదు. వీధిలో రేపు ఎవరైనా ఏదైనా అంటే జవాబు చెప్పుకోవాల్సింది తనే అన్న భయం ఉంటుంది. రిపోర్టు కాగితం చూపించి అంకె చదివి వినిపించండి. 5.7 నుంచి 6.4 వరకు షుగర్ అంచు, 6.5 వస్తే షుగరే, మనది 6.1 అని చెప్పండి. వీలైతే ఆవిడనే గ్రౌండుకు తీసుకెళ్లండి. మీరు తిరిగినంతసేపు ఆవిడ బెంచీ మీద కూర్చున్నా, నాలుగు అడుగులు వేసినా మంచిదే. అత్తగారు వెంట ఉన్న కోడలిని ఈ ఊళ్లో ఒక్కరు కూడా ఏమీ అనరు. పొద్దున టిఫిను, పిల్లల స్కూలు బస్సు ఎవరు చూసుకోవాలన్నది ముందురోజు రాత్రే మీ ఆయనతో తేల్చుకోండి. సిగ్గు వల్ల ఆగిపోయిన పరుగుల కంటే ఉప్మా వల్ల ఆగిపోయినవే నేను ఎక్కువ చూశాను.

అంకెల మాట వచ్చింది కాబట్టి మీకు ఊరటనిచ్చే సంగతి ఒకటి. మీలా షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఈ రెండూ లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్లలో తగ్గింది 31 శాతం. ఆ వ్యాయామం ఏమిటో తెలుసా? ఎక్కువమందికి చురుకైన నడక. అంటే మీ షుగర్ కోసం ఉరకాల్సిన అవసరమే లేదు. మీ మెల్లటి పరుగు, మధ్యలో నడక, దానికి సరిపోతాయి. వేగం కావాల్సింది టీ బడ్డీకే.

పరుగు మొదలుపెట్టే ముందు బీపీ, గుండె ఒకసారి చూపించుకోండి. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ మాత్రలు ఇప్పటికే వాడుతుంటే ఖాళీ కడుపుతో పరుగెత్తొచ్చా లేదా అన్నది డాక్టరునే అడగండి.

ట్రెడ్‌మిల్ కొనాలా అంటే, ఇప్పుడే వద్దు. వానాకాలంలో, తుపాను రోజుల్లో పనికొస్తుంది, కాదనను. కానీ దాని మీద ఆరు నెలలు పరుగెత్తినా వీధిలోకి వచ్చిన మొదటి రోజు మీ కాళ్లు మళ్లీ టీ బడ్డీ దగ్గర ఉరుకుతాయి. వేలకు వేలు పోసి కొన్న మిషన్ల మీద తువ్వాళ్లు ఆరేసుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి బూట్లు కొనండి. దుకాణానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మీరు పరుగుకు వేసుకునే మేజోళ్లే వేసుకుని వెళ్లి, రెండు కాళ్లకూ తొడిగి, లేచి నిలబడి చూడండి. కాలి వేళ్లలో పొడవైన దానికీ బూటు కొసకూ మధ్య చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. వీలైతే దుకాణంలోనే నాలుగు అడుగులు పరుగెత్తండి. సేల్స్ కుర్రాడు చూస్తాడు, చూడనివ్వండి.